కోడ్ రాకపోయినా మీ వెబ్‌సైటుకు మ్యాపూ, వీడియో, ఆర్డరు ఫారం!

శనివారం వచ్చిందంటే పెబ్బేరు కిటకిటలాడిపోతుంది. ఎడ్లు, గొర్రెలు, మేకలు, వాటికోసం వచ్చే రైతులు, బేరగాళ్ళు... 44వ నంబరు జాతీయ రహదారి మీదున్న ఊరు కనుక అటు కర్నూలు నుంచీ, ఇటు హైదరాబాదు వైపు నుంచీ రావడం సులువే. ఆ సంతలో ఓ సౌకర్యం గమనించారా? ఎడ్లను అమ్ముకోవడానికి వచ్చిన రైతు పలుపుతాళ్ళు తనే పేనుకు రానక్కర్లేదు, టీ తనే కాచుకోనక్కర్లేదు, బండి తనే తెచ్చుకోనక్కర్లేదు. ఎవరి సరుకు వాళ్ళది. అయినా అవసరమైనవన్నీ ఒకే చోట దొరుకుతాయి.

ఇంట్లోంచి చిన్న వ్యాపారం చేసుకునే ఆడవాళ్ళ వెబ్‌సైటు కూడా ఇలాగే ఉండొచ్చు. మీ సరుకు మీది. మ్యాపు, వీడియో, ఆర్డరు రాసుకునే కాగితం లాంటివి మాత్రం వాటిని తయారుచేసే వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చి తగిలించుకోవచ్చు. ఇలా తెచ్చి తగిలించుకునే వాటినే ‘విడ్జెట్లు’ అంటారు. తగిలించడాన్ని ‘ఎంబెడ్’ చేయడం అంటారు. దీనికి కంప్యూటరు కోర్సు చదవనక్కర్లేదు. గోడ గడియారం లోపల పళ్ళచక్రాలు ఎలా తిరుగుతాయో తెలిసే మనం దాన్ని మేకుకు తగిలిస్తున్నామా? ఇదీ అంతే.

వెబ్‌సైటు మనకెందుకు అంటారా?

సకినాలు, కారప్పూస, పల్లిపట్టీలు చేసి అమ్మేవాళ్ళు, మగ్గం వర్కు బ్లౌజులు కుట్టేవాళ్ళు, గద్వాల చీరలు తెచ్చి తెలిసినవాళ్ళకు అమ్మేవాళ్ళు మన చుట్టూ ఎంతమంది లేరు! వీళ్ళ వ్యాపారమంతా ఇప్పుడు వాట్సాప్‌లోనే నడుస్తోంది. కానీ చిక్కేమిటంటే ప్రతి కొత్త ఖాతాదారుకూ మొదటినుంచీ చెప్పుకు రావాలి. “కిలో ఎంతండీ?”, “మీ ఊరెక్కడ?”, “చీర బార్డరు దగ్గర్నుంచి చూపిస్తారా?”... పొయ్యిమీద నూనె కాగుతుంటే ఫోను పట్టుకుని ఎన్నిసార్లని చెబుతారు?

గద్వాల చీరనే తీసుకోండి. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ కలిపి నేయడంలోనే ఉంది దాని గొప్పంతా. భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ. పొందిన చీర అది. ఈ సంగతి ఫోటోలో తెలియదు. అంచు కలిసిన చోటును రెండు నిమిషాల వీడియోలో చూపిస్తే ఎంత దూరాన ఉన్నవాళ్ళకైనా నమ్మకం కుదురుతుంది. ఆ వీడియో ఒక్కసారి తీసి వెబ్‌సైటులో పెడితే, తర్వాత లింకు పంపిస్తే చాలు.

కావలసినవి

వంటకానికి ముందు సామాను సర్దుకున్నట్టే దీనికీ సర్దుకుందాం.

గూగుల్ ఖాతా: ఒకటి. ఇంట్లో అందరూ వాడేది కాకుండా వ్యాపారానికి విడిగా తెరిచింది అయితే మంచిది.

గూగుల్ సైట్స్‌లో ఒక పేజీ: దీనికి డబ్బు కట్టనక్కర్లేదు. ఇప్పుడున్న రూపంలో ఇది 2016 నుంచీ ఉంది.

కంప్యూటరు: ఒక గంటసేపు. పిల్లలదైనా, పక్కింటివాళ్ళదైనా సరే. తయారయ్యాక చూసుకోవడానికి ఫోను చాలు గానీ, తయారుచేసేటప్పుడు పెద్ద తెర ఉంటే చెయ్యి తిరుగుతుంది. అరువు కంప్యూటరైతే పని కాగానే ఖాతాలోంచి ‘సైన్ అవుట్’ చేయడం మరిచిపోకండి.

చెయ్యాల్సిన పని: కాపీ, పేస్ట్. ఈ రెండూ వస్తే చాలు.

మొదటిది: మ్యాపు

కంప్యూటరులో గూగుల్ మ్యాప్స్ తెరిచి ఊరి పేరు వెతకండి. మన ఊరి పేరును ఇంగ్లీషులో ‘పెబ్బేర్’ అనీ ‘పెబ్బేరు’ అనీ రకరకాలుగా రాస్తారు కాబట్టి, మ్యాపులో వచ్చింది మన ఊరేనా అని చూసుకోండి. జిల్లా కూడా సరిచూసుకోండి. 2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లా ఏర్పడిందని మనకు తెలుసు. పాత చిరునామాల్లో ఇంకా మహబూబ్‌నగర్ జిల్లా అనే ఉంటుంది.

సరైన చోటు దొరికాక ‘షేర్’ నొక్కండి. అందులో ‘ఎంబెడ్ ఎ మ్యాప్’ అని ఉంటుంది. దానిమీద నొక్కి ‘కాపీ హెచ్.టి.ఎం.ఎల్.’ అంటే ఓ పొడుగాటి ఇంగ్లీషు వాక్యం కాపీ అవుతుంది. దాన్ని చూసి బెదరకండి, చదవనక్కర్లేదు.

ఇప్పుడు గూగుల్ సైట్స్‌లో మీ పేజీకి రండి. కుడివైపున ‘ఇన్సర్ట్’ కింద ‘ఎంబెడ్’ ఉంటుంది. అందులో రెండు దారులు. ఒకటి చిరునామాతో, రెండోది ‘ఎంబెడ్ కోడ్’తో. రెండోది ఎంచుకుని, కాపీ చేసింది అక్కడ పేస్ట్ చేసి, ‘నెక్స్ట్’, ఆ తర్వాత ‘ఇన్సర్ట్’ నొక్కండి. మ్యాపు వచ్చి మీ పేజీలో కూర్చుంటుంది. పైన ‘పబ్లిష్’ నొక్కేదాకా అది మీకు తప్ప ఇంకెవరికీ కనబడదు. కాబట్టి కంగారు లేదు, బాగా లేకపోతే తీసేసి మళ్ళీ పెట్టుకోవచ్చు.

గూగుల్ సైట్స్‌లో మ్యాపుకీ, యూట్యూబ్ వీడియోకీ, ఫారానికీ విడివిడిగా బొమ్మలున్నాయి. వాటిని నొక్కితే ఈ కోడ్ కూడా అక్కర్లేదు. అయినా కోడ్ పద్ధతి ఓసారి చేసి చూడమనడం ఎందుకంటే, బ్లాగర్‌లోనైనా మరోచోటైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. బ్లాగర్‌లో ‘లేఅవుట్’లోకి వెళ్ళి ‘యాడ్ ఎ గాడ్జెట్’ నొక్కితే ‘హెచ్.టి.ఎం.ఎల్., జావాస్క్రిప్ట్’ అనే పెట్టె ఉంటుంది. కోడ్‌ను అందులో పేస్ట్ చేయాలి.

రెండోది: వీడియో

మీ వీడియోను ముందు యూట్యూబ్‌లో పెట్టండి. తర్వాత దాని కింద ‘షేర్’ నొక్కి ‘ఎంబెడ్’ ఎంచుకోండి. మళ్ళీ అలాంటి వాక్యమే వస్తుంది. దాన్ని కాపీ చేసేముందు అక్కడే కనిపించే ‘ప్రైవసీ ఎన్‌హాన్స్‌డ్ మోడ్’ గడిలో టిక్కు పెట్టండి. అలా చేస్తే మీ పేజీకి వచ్చినవాళ్ళ చూపులు యూట్యూబ్ లెక్కల్లోకి కాస్త తక్కువగా ఎక్కుతాయి.

కోడ్ ద్వారా పెట్టిన వీడియో ఫోనులో పక్కకు పొంగి సగం కనబడకపోతే ఒక చిట్కా. ఆ వాక్యంలో ‘విడ్త్’ అన్న మాట పక్కన 560 అనో, మ్యాపు అయితే 600 అనో ఉంటుంది. ఆ అంకె తీసేసి 100% అని రాయండి. మొత్తం కోడ్‌లో మనం వేలు పెట్టే చోటు ఇదొక్కటే.

మూడోది: ఆర్డరు ఫారం

గూగుల్ ఫారమ్స్‌లో పేరు, ఫోను నంబరు, ఏం కావాలి, ఎంత కావాలి, ఏ రోజుకు కావాలి అని అయిదు ప్రశ్నలు రాసుకుంటే ఆర్డరు పుస్తకం తయారైనట్టే. దాన్ని పేజీలో పెడితే వచ్చిన ఆర్డర్లన్నీ మీ ఖాతాలో వరసగా పట్టికలా చేరతాయి. దసరాకూ సంక్రాంతికీ ఎవరు ఎంత చెప్పారో కాగితాలు వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఫారంలో అవసరం లేనిది అడక్కండి. ఆధార్ నంబరు, పుట్టినతేదీ, బ్యాంకు వివరాలు మనకెందుకు? ఆ పట్టికను ‘లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడొచ్చు’ అన్న పద్ధతిలో అస్సలు ఉంచకండి. అందులో ఉన్నవి మీ నంబర్లు కావు, మిమ్మల్ని నమ్మి ఇచ్చిన తోటి ఆడవాళ్ళవి.

నాలుగోది: వాట్సాప్ బటను

దీనికి విడ్జెట్ కూడా అక్కర్లేదు, ఒక లింకు చాలు. ‘డబ్ల్యూ ఎ డాట్ ఎమ్ ఇ’ అని రాసి, ఓ అడ్డగీత పెట్టి, ముందు 91, దాని వెనక మీ పదంకెల నంబరు. మధ్యలో ఖాళీలు, సున్నా, ప్లస్ గుర్తు ఏవీ వద్దు. గూగుల్ సైట్స్‌లో ‘బటన్’ అని ఉంటుంది. దానికి ఈ లింకు ఇచ్చి ‘ఆర్డరు చెప్పండి’ అని పేరు పెట్టుకోండి. నొక్కగానే నేరుగా మీ వాట్సాప్ తెరుచుకుంటుంది.

కిటికీ పెడుతున్నారా, తలుపు తెరుస్తున్నారా?

ఇప్పటిదాకా తియ్యగా చెప్పుకున్నాం. ఇక కాస్త కారం కూడా తినాలి.

విడ్జెట్లలో రెండు జాతులున్నాయి. మొదటిది ‘ఐఫ్రేమ్’. ఇది మీ గోడకు పెట్టిన కిటికీ లాంటిది. కిటికీ అవతల గూగుల్ వాళ్ళ మ్యాపో యూట్యూబ్ వీడియోనో కనబడుతుంది గానీ, అవతలివాళ్ళు మీ ఇంట్లోకి వచ్చి సామాను సర్దలేరు. ఈ ఐఫ్రేమ్ 1997లో హెచ్.టి.ఎం.ఎల్. నాలుగో కూర్పులో చేరింది. పైన చెప్పిన మ్యాపూ, వీడియో ఈ జాతివే.

రెండోది ‘స్క్రిప్ట్’. ఇది కిటికీ కాదు, తలుపు. బయటి మనిషిని వంటింటి దాకా రానిచ్చినట్టు. మంచివాడైతే పని చేసిపెట్టి పోతాడు. బుద్ధి మారితే మాత్రం మీ పేజీలో ఏమైనా చేయగలడు. కోడ్‌లో మొదట్లో ‘ఐఫ్రేమ్’ అని ఉందా, ‘స్క్రిప్ట్’ అని ఉందా చూస్తే ఇది ఏ జాతిదో మీకే తెలిసిపోతుంది. గూగుల్ సైట్స్ మనం పేస్ట్ చేసిన కోడ్‌ను ఓ పెట్టెలో బంధించి ఉంచుతుంది కాబట్టి కొంత రక్షణ ఉంది. అన్ని చోట్లా ఆ రక్షణ ఉండదు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెబుతున్నది కాదు. 2018 ఫిబ్రవరి 11న ఏం జరిగిందో చూడండి. వెబ్ పేజీని పైకి చదివి వినిపించే ‘బ్రౌజ్ అలౌడ్’ అనే విడ్జెట్ ఉండేది. చూపు సరిగా లేనివాళ్ళకూ, చదవడం కష్టమైనవాళ్ళకూ ఉపయోగపడే మంచి వస్తువు. ఎవరో దాని స్క్రిప్టులో దొంగకోడ్ కలిపేశారు. దాన్ని తగిలించుకున్న 4,000కు పైగా వెబ్‌సైట్లలో, బ్రిటన్ ప్రభుత్వ సంస్థల సైట్లతో సహా, అది పని మొదలుపెట్టింది. చూడడానికి వచ్చినవాళ్ళ కంప్యూటర్లను వాళ్ళకు తెలియకుండానే డిజిటల్ నాణేలు సంపాదించే పనికి వాడుకున్నారు. ఆ వెబ్‌సైట్ల వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. వాళ్ళు పెట్టుకున్న తలుపులోంచి దొంగ వచ్చాడు, అంతే.

2024లో ఇంకోటి. ‘పాలీఫిల్’ అనే ఉచిత స్క్రిప్టును ఎన్నో వెబ్‌సైట్లు ఏళ్ళతరబడి నమ్మి వాడుకున్నాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో దాని వెబ్ చిరునామా చేతులు మారింది. జూన్ నాటికి దాన్ని వాడుతున్న లక్షకు పైగా సైట్లకు ముప్పు వచ్చిపడింది. చూడడానికి వచ్చిన కొందరిని ఆ స్క్రిప్టు ఎక్కడెక్కడి చెడ్డ సైట్లకో మళ్ళించింది. పాలు పోసే మనిషి మారితే చెంబులో పడేది పాలేనా అని చూసుకోమా? ఇదీ అంతే.

అందుకే ‘ఉచిత రాశిఫలాల విడ్జెట్’, ‘ఉచిత పంచాంగం విడ్జెట్’, ‘ఎంతమంది చూశారో లెక్క చెప్పే విడ్జెట్’ అంటూ పేరు తెలియని చోట దొరికేవి తెచ్చి పెట్టకండి. అప్పడాలు అమ్మే పేజీలో రాశిఫలాలు లేకపోతే వచ్చే నష్టమేమీ లేదు.

మీ పేజీ, మీ బాధ్యత

“అది వాళ్ళ విడ్జెట్ కదా, మనకేం సంబంధం?” అనడానికి వీల్లేదు. జర్మనీలో ‘ఫ్యాషన్ ఐడి’ అనే బట్టల దుకాణం తన వెబ్‌సైటులో ఫేస్‌బుక్ ‘లైక్’ బటను పెట్టుకుంది. బటను నొక్కినా నొక్కకపోయినా, పేజీ తెరిచినవాళ్ళ సమాచారం ఫేస్‌బుక్‌కు వెళ్ళిపోయేది. ఆ సమాచారం సేకరించి పంపడంలో బటను పెట్టిన దుకాణానికి కూడా బాధ్యత ఉందని యూరపు న్యాయస్థానం 2019 జూలై 29న తీర్పు చెప్పింది. మన దేశంలో కూడా 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచి, నమ్మి వచ్చినవాళ్ళ గుట్టు కాపాడటం మన మర్యాద కదా.

మన గుట్టు మాటేమిటి? ఇదే అన్నిటికన్నా ముఖ్యం. మ్యాపు పెట్టమన్నాం కదా అని మీ ఇంటి గుమ్మం మీదే గుర్తు పెట్టకండి. పగలంతా ఒక్కరే ఉండే ఇంటి దారి లోకమంతటికీ చూపించడం దేనికి? బస్టాండు దగ్గరో, సంత దగ్గరో గుర్తు పెట్టి, ఆర్డరు ఖాయం అయినవాళ్ళకు మాత్రం ఇంటి దారి ఫోనులో చెప్పండి. అలాగే సొంత ఫోను నంబరు పెట్టకండి. ఇంకో సిమ్ము తీసుకుని, వాట్సాప్ బిజినెస్ అందులో పెట్టుకోండి. వేళాపాళా లేకుండా పిచ్చి మెసేజీలు వస్తే ఆ ఫోను పక్కన పెట్టేసి నిశ్చింతగా ఉండొచ్చు. భర్త దగ్గరా అత్తగారి దగ్గరా “ఆ ఫోనెవరిది? ఎందుకొచ్చింది?” అన్న సంజాయిషీలు కూడా తప్పుతాయి.

గూగుల్ క్యాలెండరు పెట్టి ‘ఈ రోజుల్లో ఆర్డర్లు తీసుకోం’ అని చూపించాలనుకుంటే దానికో కొత్త క్యాలెండరు తెరవండి. వచ్చినవాళ్ళకు కనబడాలంటే దాన్ని అందరూ చూసేలా ఉంచాల్సిందే. ఇంట్లో వాడేదాన్నే పెట్టేస్తే మీరు ఊరెళ్ళే తేదీలూ, పిల్లల స్కూలు వేళలూ అన్నీ బయటపడతాయి.

మీ సందేహాలు

డబ్బు చెల్లించే బటను కూడా పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. కానీ మొదట్లోనే వద్దు. ఆర్డరు ఖాయం అయ్యాక వాట్సాప్‌లో యు.పి.ఐ. క్యూ.ఆర్. పంపడం చాలు. ఒక్క మాట గుర్తుంచుకోండి. డబ్బు మనకు రావడానికి పిన్ను కొట్టనక్కర్లేదు, ఎవరో పంపిన క్యూ.ఆర్. స్కాన్ చేయనక్కర్లేదు. “డబ్బు వేస్తాం, పిన్ను కొట్టండి” అన్నారంటే మోసమే. మోసపోయామని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

ఎన్ని విడ్జెట్లు పెట్టొచ్చు?

పెట్టొచ్చు కదా అని అన్నీ పెడితే పేజీ తెరుచుకోదు. ప్రతి విడ్జెట్టూ దాని సామాను అది వేరే చోటునుంచి మోసుకురావాలి. సిగ్నలు సరిగా అందని ఊళ్ళో ఉన్నవాళ్ళు విసుగొచ్చి మూసేస్తారు. ఒక మ్యాపు, ఒక వీడియో, ఒక ఫారం, ఒక బటను చాలు. ధరల పట్టిక మాత్రం విడ్జెట్‌లో కాకుండా మామూలు అక్షరాల్లో రాయండి. ఏది తెరుచుకోకపోయినా అది కనబడుతుంది.

ఒకసారి పెడితే ఎప్పటికీ ఉంటుందా?

ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. ఒకప్పుడు ఫ్లాష్ మీద నడిచే గడియారాలు, ఆటలు, ఫోటో ఆల్బములు ఎన్ని పేజీల్లో ఉండేవో! 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు మంగళం పాడేశారు, అవన్నీ ఖాళీ గడులై మిగిలాయి. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడితే దాని బటన్లదీ అదే గతి. అందుకే వీడియోల అసలు కాపీలు మీ దగ్గర ఉంచుకోండి. ఫారంలో వచ్చిన ఆర్డర్లను నెలకోసారి దించుకోండి.

పేస్ట్ చేశాను, ఏమీ కనబడటం లేదు. ఏం చేయాలి?

మూడు చూడండి. కోడ్ మొదలూ చివరా తెగిపోకుండా మొత్తం వచ్చిందా? అందులోని చిరునామా ‘హెచ్.టి.టి.పి.ఎస్.’ అని మొదలవుతుందా? చివర్లో ‘ఎస్’ లేనివాటిని బ్రౌజర్లు చాలావరకు అడ్డుకుంటాయి. ‘పబ్లిష్’ నొక్కారా? ఈ మూడూ సరిగా ఉన్నా రాకపోతే, ఆ వెబ్‌సైటువాళ్ళు తమ పేజీని ఇంకోచోట చూపించడానికి ఒప్పుకోలేదని అర్థం. బ్యాంకుల్లాంటి వాళ్ళు కావాలనే అలా చేస్తారు. అప్పుడు ఊరికే లింకు ఇవ్వండి.

నెలకోసారి దులుపుకోండి

ఇల్లు దులుపుకున్నట్టే నెలకోసారి పేజీని ఫోనులో తెరిచి చూడండి. మీ ఖాతాలోంచి కాకుండా, ఇంకెవరి ఫోనులోనైనా చూస్తే బయటివాళ్ళకు ఎలా కనబడుతుందో తెలుస్తుంది. మ్యాపు వస్తోందా, వీడియో తిరుగుతోందా, ఫారం నింపితే మీకు చేరుతోందా చూసుకోండి. పనికిరాని విడ్జెట్‌ను మొహమాటం లేకుండా తీసేయండి. గూగుల్ ఖాతాకు రెండంచెల తాళం, అంటే ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ వేసి ఉంచండి. పేజీ, ఫారం, క్యాలెండరు అన్నీ ఆ ఒక్క ఖాతాలోనే ఉన్నాయి, ఆ తాళం పోతే అన్నీ పోయినట్టే.

ఒక్కరోజులో అన్నీ చేసేయాలని కూర్చోకండి. ఈ వారం పేజీ తెరిచి ధరలు రాయండి. వచ్చేవారం మ్యాపు పెట్టండి. ఆ పైవారం, మధ్యాహ్నం వంటపని అయ్యాక వెలుతురు బాగున్నప్పుడు, మీ చీర అంచుదో, పల్లిపట్టీ విరిగే చప్పుడుదో చిన్న వీడియో తీయండి. పిల్లలు చేసిపెడతామంటే సంతోషమే. కానీ మౌసు మాత్రం మీ చేతిలోనే ఉంచుకుని, వాళ్ళను పక్కన కూర్చుని చెప్పమనండి. పిల్లలు రేపు చదువులకని హైదరాబాదు వెళ్ళిపోతే, మీ దుకాణం ఆగిపోకూడదు కదా!